తడవని చోటు

టేపును మొత్తం బయటికి లాగి, వసారా పొడుగునా నేలమీద పరిచి, పొడిగుడ్డతో ఆ కొసనుంచి ఈ కొసదాకా తుడుచుకుంటూ వచ్చేసరికి ఆఫీసు కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఇది ఆయన రోజూ చేసే పని. అది గుడ్డటేపు, తోలు డబ్బీలో చుట్టుకుని ఉంటుంది. ఒకప్పుడు పసుపురంగే కావచ్చు, ఇప్పుడు ముసలివాళ్ళ పంటిరంగుకు వచ్చింది. ఇరవైరెండేళ్ళుగా ఆయన బొటనవేలు ఆనినచోటల్లా అంకెలు పలచబడ్డాయి. తెల్లవారుజామున మొదలైన వాన ఇంకా సన్నగా కురుస్తోంది. తేమ పట్టిన టేపు అబద్ధం చెబుతుందని, దాన్ని తన చేతికిచ్చిన పెద్ద కొలతగాడు చెప్పాడు. అందుకే తుడవడం.

ఇళ్ళ కట్టుబడికి అనుమతులిచ్చే ఆ నగరపాలక ఆఫీసులో అందరూ ఆయనను టేపు బాబాయి అంటారు. సన్నటి మనిషి. చొక్కా భుజాలమీదనుంచి కొక్కేనికి తగిలించినట్టు వేలాడుతుంది. సినిమాకు తీసుకెళితే కథ చెప్పలేడుగానీ తెర ఎన్ని అడుగుల వెడల్పో చెబుతాడని వెనకాల నవ్వుకుంటారు. ముందర కూడా నవ్వుతారు. ఆయనా నవ్వుతాడు.

"బాబాయిగారూ, మీ టేపుకి సవతిని తెచ్చాను," అంది నక్షాలు గీసే అమ్మాయి, గుప్పిట్లో పట్టేంత నల్లటి పెట్టెను చూపిస్తూ. "గోడకి ఆనించి మీట నొక్కితే చాలు. ఎర్రచుక్క ఎక్కడ పడితే అక్కడిదాకా దూరం చెప్పేస్తుంది. ఇక రెండో కొస పట్టుకునే మనిషితో పనిలేదు."

"నాకు ఎప్పుడున్నాడమ్మా రెండో కొస పట్టుకునే మనిషి!"

ఆ అమ్మాయి నవ్వి, వసారా ఈ గోడకు పెట్టెను ఆనించి మీట నొక్కింది. యాభై అడుగులు. ఆయన నేలమీది టేపు వైపు చూశాడు. అది ఎదుటి గోడ దగ్గర నలభైతొమ్మిదిన్నర చూపిస్తోంది.

"కొత్తది కదా. కుదురుకోవాలి," అన్నాడు.

ఆ అమ్మాయి లోపలికి వెళ్ళి, ఆ భవనం కట్టినప్పటి నక్షా తెచ్చి ఆయన ముందు విప్పింది. వసారా పొడవు యాభై అడుగులని ఒకప్పటి కుదురైన చేతిరాత.

ఆయన గొంతుక్కూర్చుని టేపును చాలాసేపు చూశాడు. టేపు సాగింది. ఒక్కరోజున కాదు, లాగిన ప్రతిసారీ వెంట్రుకవాసి. సాగిన టేపు మీది అడుగు అసలు అడుగుకంటే పొడవు. కాబట్టి అది కొలిచిన ప్రతి చోటూ అది చెప్పినదానికంటే ఎక్కువ. ముప్పై అడుగుల దగ్గర తేడా మూడున్నర అంగుళాలు.

ముప్పై అన్న అంకె దగ్గర ఆయన మనసు ఆగింది.

ఆరేళ్ళ కిందటిదాకా నగరంలోని పాతవీధుల్లో ఒక స్థలానికి ఒకటే ఇల్లు ఉండాలి. జనానికి తలదాచుకునే చోటు చాలక, ఇంటి వెనక పెరట్లో ఇంకో చిన్న ఇల్లు కట్టుకోవచ్చునని ఆ నిబంధన మార్చారు. కాగితాల మీద దాని పేరు అనుబంధ గృహం. జనం నోట్లో వెనకిల్లు. వీధి ఇరుకవుతుందనీ, ముక్కూమొహం తెలియనివాళ్ళు వచ్చి చేరతారనీ గొణిగినవాళ్ళు ఉన్నారు. వాళ్ళే తరువాత తల్లికో తమ్ముడికో ఒక గది కావాలని దరఖాస్తు పట్టుకుని వచ్చారు. గట్టి షరతు ఒక్కటే. ఇంటి వెనకగోడనుంచి ప్రహరీదాకా పెరడు ముప్పై అడుగులకు తగ్గకూడదు. తగ్గిందో లేదో చెప్పే మనిషి ఈయన. కాదన్నది తాననుకోలేదు ఎప్పుడూ. టేపు కాదంది, తాను రాశాడు.

రెండంగుళాలు, మూడంగుళాలు తక్కువై తిరగ్గొట్టిన దరఖాస్తులు పదకొండు. అవి ఆయనకు కంఠతా వచ్చు. పదకొండోది అక్కది.

ఆయన తెచ్చిపెట్టిన పదకొండు ఫైళ్ళ కట్టను చూసి అధికారి తల పట్టుకున్నాడు. "ఎందుకు బాబాయ్, తేనెతుట్టె కదపడం? వాళ్ళెవరైనా అడిగారా?"

"అడగరండి. నేను కొలిచానంటే ఎవరూ మళ్ళీ అడగరు. అదేనండి భయం."

అధికారి కిటికీలోంచి వాన చూశాడు. "సరే, వెళ్ళి ఆ యంత్రంతో కొలవండి. సరిపోతే రాయండి, సంతకం పెడతాను. మీ అక్కగారిది మాత్రం ఇంకెవరినైనా పంపిస్తా. అయినవాళ్ళది మీరు కొలవకూడదు."

"అప్పుడూ కూడదండి. రెండో కొలతగాడు సెలవులో ఉన్నాడని నేనే వెళ్ళాను. తప్పు చేసినవాడే దిద్దాలి."

"మీరు మారరు," అన్నాడు అధికారి. అది తిట్టో మెప్పో ఆయనకు తెలియలేదు. ఇరవైరెండేళ్ళలో మొదటిసారి టేపును బల్లమీదే వదిలి, పెట్టెను జేబులో వేసుకుని బయలుదేరాడు.

మొదటి ఇల్లు కుట్టుపని చేసే ఆవిడది. ఆమె మెడలో కూడా టేపు వేలాడుతోంది. ఆరేళ్ళ కిందట ఆమె తల్లికోసం ఒక గది అడిగింది. పెరడు రెండంగుళాలు తక్కువని ఈయన రాశాడు.

సంగతి చెప్పి, ఏమనాలో తెలియక, "మీ టేపు కూడా సాగిందేమో చూసుకోండమ్మా," అన్నాడు.

"నాది సాగితే ఒక చొక్కా పాడవుతుంది బాబాయిగారూ. విప్పి మళ్ళీ కుడతాను."

ఆమె గొంతులో కోపం లేదు. అందుకే ఆయన తల ఎత్తలేకపోయాడు.

"అమ్మగారు..."

"చెల్లెలి ఇంటికి పంపాం. మూడో అంతస్తు. మెట్లమీద కాలు జారింది. నాలుగేళ్ళయింది. రండి, పెరట్లోకి రండి. ఎలాగూ వచ్చారు, మీరూ చూద్దురుగాని."

పెరడంతా వాన పడుతోంది. మట్టి చిత్తడిగా ఉంది. గడ్డి నీళ్ళు కక్కుతోంది. మధ్యలో, ఇంటికి పద్నాలుగు అడుగుల దూరాన, ఒక గదిపాటి నేల పొడిగా ఉంది. పైన చెట్టు లేదు, రేకు లేదు. ఆకాశం తప్ప ఏమీ లేదు. ఆ నేల అంచులు నాలుగూ సూటిగా ఉన్నాయి. వాటి వెంబడి చినుకులు వరుసగా, చూరునుంచి జారినట్టు, ఒకే గీతలో పడుతున్నాయి. పొడినేల మీద కట్టిన తాడు మీద నాలుగు చొక్కాలూ ఒక దుప్పటీ ఆరుతున్నాయి.

"వానొచ్చినా తీయను," అంది ఆమె. "ఇక్కడ తడవదు."

"ఎప్పటినుంచి?"

"అమ్మ పోయాక మొదటి వానాకాలం నుంచి."

"భయం వేయదామ్మా?"

"మొదట్లో వేసింది. లోపల ఎవరున్నారో తెలిశాక భయమెందుకు? ఒక్కోసారి దగ్గు వినిపిస్తుంది. మందు వేసుకోమ్మా అని ఇక్కడినుంచే అరుస్తాను. ఆగిపోతుంది."

ఆయన ఇంటి వెనకగోడకు పెట్టెను ఆనించాడు. మీట నొక్కాడు. పద్నాలుగు అడుగుల రెండంగుళాలు. ఎర్రచుక్క ప్రహరీ మీద లేదు. ఆనడానికి ఏమీ లేనిచోట, గాలిలో, మనిషి రొమ్ము ఎత్తున నిలబడి ఉంది. ఆయన ఫైలు తెరిచాడు. అప్పటి నక్షాలో ఇంటికీ వెనకింటికీ మధ్య దూరం పద్నాలుగు అడుగుల రెండంగుళాలు.

కళ్ళు మూసుకుని ఇంకోసారి నొక్కాడు. ముప్పై అడుగుల ఒకటిన్నర అంగుళం. ఈసారి చుక్క ప్రహరీ ఇటుకమీద ఉంది.

"సరిపోయిందమ్మా," అన్నాడు. "అప్పుడూ సరిపోయే ఉంటుంది. కట్టుకోవచ్చు."

ఆమె దుప్పటి అంచు సరిచేసింది. "ఇప్పుడు కడితే, అక్కడున్నదాన్ని ఏం చేస్తారు?"

ఆ ప్రశ్నకు జవాబు రాయడానికి దరఖాస్తులో గడి లేదు. ఆయన తేదీ వేసి, సంతకం పెట్టి, కాగితం ఆమె చేతికిచ్చాడు. ఆమె దాన్ని మడిచి కుట్టుమిషను సొరుగులో పెట్టుకుంది.

మధ్యాహ్నందాకా ఇంకో రెండు పెరళ్ళు కొలిచాడు. ఒకదానిలో ఇంటివాళ్ళు మారిపోయారు. వెనక ఎవరో తలుపు వేసిన చప్పుడు రాత్రుళ్ళు వినిపిస్తుందని, ఎలుకలనుకున్నామని చెప్పారు. రెండోదానిలో ఎవరూ ఏమీ చెప్పలేదు, ఆయనా అడగలేదు. రెండు చోట్లా మొదటిసారి నొక్కినప్పుడు చుక్క గాలిలోనే ఆగింది. రెండోసారి పెరడు సరిపోయింది.

వాన వెలిసింది. బస్సు ఆగేచోట బల్లమీద కూర్చుని తెచ్చుకున్న డబ్బా విప్పాడు, తినలేక మూసేశాడు. ఎదుటి వీధిలో ఇళ్ళు వరుసగా నిలబడి ఉన్నాయి. ప్రతి ఇంటి వెనకా ఒక ఇల్లు ఉన్నట్టూ, అందులో ఒకరు కిటికీ దగ్గర నిలబడి తనవైపే చూస్తున్నట్టూ అనిపించింది. లేనిది అంటే ఏమిటి? పుట్టనిదా, లేక పుట్టవలసిన గుమ్మం దగ్గర ఎవరో ఆపేసినదా? ఆపినవాడు ఇంటికి వెళ్ళి నిద్రపోతాడు. ఆగిపోయినది ఎక్కడికి వెళుతుంది?

ఇల్లంటే ఆయనకు ఉన్నది ఒక అద్దెగది. పెళ్ళి కాలేదు; ఎందుకు కాలేదో చెప్పేంత కథ కూడా లేదు. గదిలో ఒక మంచం, ఒక కుర్చీ, గోడకు కొలిచి కొట్టిన మూడు మేకులు. ఆ గదిలోకి మారి పదేళ్ళయింది. మొన్నామధ్య ఇంటాయన మెట్లమీద ఎదురుపడి, "మీరుంటున్నారా ఖాళీ చేశారా? చప్పుడే ఉండదు. నాలుగేళ్ళుగా అద్దె తప్ప మీ జాడ తెలియదు," అన్నాడు. వేళాకోళమనుకుని ఆయన నవ్వాడు. ఇప్పుడు ఆ మాట వేరే గొంతుతో వినిపిస్తోంది. నాలుగేళ్ళు. అక్క పెరడు కొలిచి నాలుగేళ్ళు.

ఆ రోజు అక్క ఎంత హడావిడి పడిందని! బావ మేస్త్రీని పిలిచి నాలుగు మూలలా కొయ్యమేకులు దిగ్గొట్టించాడు. కిటికీ తూర్పున ఉండాలా పడమట ఉండాలా అని ఆలుమగలు పోట్లాడుకున్నారు. "ఒంటిగాడివి, హోటలు కూడు తిని ఎన్నాళ్ళుంటావురా? నా కళ్ళెదుట ఉండు, చాలు," అంది అక్క. ఆయన టేపు పరిచాడు. ఇరవైతొమ్మిది అడుగుల తొమ్మిది అంగుళాలు.

ఆరంగుళాల లోపు తక్కువ వస్తే రెండోసారి కొలవాలి. అది ఆఫీసు నియమం కాదు. పెద్ద కొలతగాడు నేర్పిన పద్ధతి. మిగిలిన పదిమంది పెరళ్ళూ ఆయన రెండుసార్లు కొలిచాడు. అక్కది మాత్రం ఒక్కసారే కొలిచాడు. రెండోసారి సరిపోతుందేమోనని భయపడ్డాడు. సరిపోతే, అయినవాళ్ళకు రాసుకున్నాడని అంటారు. సరిపోకపోతే, సొంత అక్కకే రాయలేదని అంటారు. అన్నారు కూడా. ఆ మాటను ఆయన నాలుగేళ్ళుగా బుగ్గన పెట్టుకున్న బిళ్ళలా చప్పరిస్తూ వచ్చాడు. బావ మాట మానేశాడు. అక్క రెండుసార్లు కబురు పంపింది, ఆయన వెళ్ళలేదు. ఆ తరువాత కబురు ఆగిపోయింది. అక్కకూ కోపం వచ్చిందనుకున్నాడు.

ఇప్పుడు ఆయనకు కావలసింది ఒక్కటే. చోటు సరిపోయిందని, తనే ఇరుకని అక్కకు నోరువిప్పి చెప్పాలి. ఆమె ఏమన్నా సరే.

పొద్దు వాలుతుండగా ఆ వీధి మలుపు తిరిగాడు. అక్క ఇంటి పక్కసందులోంచి నేరుగా పెరట్లోకి దారి. గేటు తోయబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఎన్నడూ లేనిది, కొద్ది దూరం నడిచినందుకే ఆయాసంగా ఉంది. కాసేపు గోడ పట్టుకుని నిలబడి, గేటు తోశాడు.

అక్క వెనకగుమ్మం మెట్టుమీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. జుట్టు పూర్తిగా తెల్లబడింది. తల ఎత్తి చూసింది. ఆశ్చర్యం లేదు, కోపం లేదు. రోజూ చూసే మనిషిని చూసినట్టు చూసింది.

"ఇవాళ ఇటునుంచి వచ్చావేంరా?"

"ఎటునుంచి రావాలక్కా?"

ఆమె గడ్డంతో పెరటి మధ్యకు చూపించింది. నాలుగు కొయ్యమేకులూ అలాగే ఉన్నాయి. వాటి మధ్య గడ్డిపోచ మొలవలేదు. నేల, చీపురుతో ఊడ్చినట్టు నున్నగా ఉంది.

"రోజూ ఈ వేళకి గుమ్మంలో కూర్చుంటావుగా, వీపు నావైపు పెట్టి," అంది అక్క. "పిలిస్తే పలకవు. పోనీలే, అలిగాడు, వాడే తిరుగుతాడు అని ఊరుకున్నా. మీ బావతో చెబితే కళ్ళకి వైద్యం చేయించుకోమంటాడు. ఆయనకి ఎదురుగా ఉన్న పప్పుగిన్నే కనబడదు, నాకు చెబుతాడు!"

ఆయన జేబులోంచి పెట్టె తీశాడు. వెనకగోడకు ఆనించి నొక్కాడు. పదకొండు అడుగులు. చుక్క గాలిలో నిలబడింది, అప్పటి దరఖాస్తు నక్షాలో గుమ్మం ఉండవలసిన చోట. ఆయన దాన్ని కన్నార్పకుండా చూశాడు. మళ్ళీ నొక్కాడు. ముప్పై అడుగుల అర అంగుళం. పెద్ద కొలతగాడి పద్ధతి గుర్తొచ్చి ఇంకోసారి కూడా నొక్కాడు. ముప్పై అడుగుల అర అంగుళమే.

కాగితం మోకాలిమీద పెట్టుకుని రాశాడు. సంతకం పెట్టాడు. అక్క పక్కన మెట్టుమీద కూలబడ్డాడు.

"అక్కా, చోటు సరిపోయింది. అప్పుడు నా టేపు సాగి ఉంది. నాకు తెలియదు. కానీ తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. రెండోసారి కొలవలేదు. మంచివాడినన్న పేరు కావాలనిపించింది. నీ ఇంటికంటే ఆ పేరు పెద్దదనిపించింది."

అక్క చేతిలోని చిక్కుడుకాయను విరిచి గింజలు రాల్చింది. మాట వినలేదేమోననుకున్నాడు.

"చోటు సరిపోకపోతే ఇన్నాళ్ళూ ఎక్కడున్నావురా మరి?" అంది. తడి చేత్తో ఆయన మోకాలు తట్టింది. "మొహం అలా పీక్కుపోయిందేం? లోపలికెళ్ళి నడుం వాల్చు. మంచినీళ్ళు తెస్తాను."

లోపలికి అంటే ఏ లోపలికో ఆయన అడగలేదు. అక్క గింజల గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. ఆయన లేచి పెరట్లోకి నడిచాడు. ముందరి రెండు మేకుల మధ్యకు వచ్చి ఆగాడు. ఎండ వాలిపోయింది, అయినా ఆ నేలమీద పలచటి వెలుగు ఒకటి పరుచుకుని ఉంది, కిటికీలోంచి పడినట్టు నాలుగు పలకలుగా. తూర్పున కాదు, పడమటే పెట్టించిందన్నమాట అక్క. తల కొంచెం వంచి, గడప ఎత్తుకు కాలు ఎత్తి, లోపలికి అడుగుపెట్టాడు. చుట్టూ చూశాడు. పదమూడు అడుగులకు పన్నెండు. మొదటిసారి ఒక గదిలో ఆయనకు దేన్నీ కొలవాలనిపించలేదు.

అక్క నీళ్ళు తెచ్చేసరికి ఆయన వెనకగోడ వైపుకు, అంటే గోడ ఉండవలసిన వైపుకు తిరిగి, చెయ్యి తలకింద పెట్టుకుని పడుకుని ఉన్నాడు. ఆమె గ్లాసు మెట్టుమీద పెట్టి తనూ కూర్చుంది. బావ బయటినుంచి వచ్చి పెరట్లో ఎవరో పడి ఉన్నారని పరుగెత్తబోతే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెల్లగా, "ష్, ఇప్పుడే పడుకున్నాడు. ఈవేళే మొహం చూపించాడు. లేపకండి," అంది.

బావ దగ్గరికి వెళ్ళి వంగాడు. భుజంమీద చెయ్యి వేశాడు. "ఒరేయ్ బావమరిదీ," అన్నాడు. నాలుగేళ్ళ తరువాత బావ అన్న మొదటి మాట అది. పలకకపోయేసరికి ఇంకోసారి అన్నాడు. తరువాత అలాగే, చెయ్యి తీయకుండా, మట్టిలో కూర్చుండిపోయాడు.

ఇరుగుపొరుగు వచ్చారు, వైద్యుడు వచ్చాడు, నలుగురు కలిసి ఆయనను ఎత్తి ముందువాకిట్లోకి తీసుకెళ్ళారు. నలుగురూ మేకుల మీదుగా అడ్డంగా నడవబోతుంటే అక్క, "గుమ్మంలోంచి తీసుకెళ్ళండి," అంది. ఎందుకన్నదో తెలియకపోయినా వాళ్ళు చుట్టూ తిరిగి ముందరి రెండు మేకుల మధ్యనుంచే తెచ్చారు.

అందరూ వెళ్ళాక పెరట్లో ఎవరూ లేరు. కొయ్యమేకుల గీతకు జానెడు ఇవతల, మొనలు లోపలివైపుకు పెట్టి, మనిషి ఇంట్లో ఉన్నప్పుడు గుమ్మం బయట ఉండేటట్టు, ఆయన చెప్పులు రెండూ పక్కపక్కనే ఉన్నాయి.